కణతలో వినిపించిన పాట

ప్లోవ్దివ్,
అక్టోబరు

వెలికా అత్తా,

అమ్మ పేరున్న సెయింటు పండుగ నాటి భోజనానికి నువ్వు రాలేదు కాబట్టి అక్కడేం జరిగిందో నీకెవరూ చెప్పి ఉండరు. నేనే చెబుతాను. సూపు గిన్నెలు తీసేశాక అమ్మ చుట్టాలందరి ముందూ నా సంగతి ఎత్తుకుంది. "మా రదోస్తినాకి ఏ పనిలోనూ కాలు నిలవదు. ఇప్పుడేమో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ముసలమ్మల కణతలు రుద్దుతోంది" అంది. అందరూ నవ్వారు. కలోయన్ అన్నయ్య నా గ్లాసు నింపుతూ, "జూన్‌లో నీ కాంట్రాక్టు అయిపోగానే బుర్గాస్ వచ్చెయ్యవే. సముద్రం ఒడ్డున నా హోటల్లో రిసెప్షన్ ఖాళీ. అక్కడ కూడా ముసలమ్మలే వస్తారు, కాకపోతే ఈత దుస్తుల్లో" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

రెండు ఉద్యోగాలు మానేశాను, నిజమే. అవి నాకు అక్కర్లేదని తెలిసి మానేశాను. కాలు నిలవక మానెయ్యడం వేరు, ఇది వేరు. ఈ తేడా మా ఇంట్లో ఒక్కరికీ పట్టదు. నా గురించి ఒక బొమ్మ గీసుకున్నారు. నేనేం చేసినా ఆ బొమ్మలోనే ఇరికిస్తారు.

మొన్న మీ బ్రెజోవిత్సా ఆడవాళ్ళంతా మీ చర్చి ఫాదర్ మెతోది వ్యానులో మా ఆసుపత్రి దగ్గర దిగినప్పుడు నేనేం చేశానో నువ్వు చూశావు కదా. కణత మీద చల్లటి జెల్లు రాసి, ఆ చిన్న ప్రోబ్‌ని ఆనించి వెతుకుతాను. చెవి ముందర ఎముక పల్చగా ఉండే చోటు ఒకటుంటుంది. అక్కణ్ణుంచి శబ్దం లోపలికి పోయి, మెదడుకి నెత్తురు మోసే పెద్ద ధమనిని తాకి తిరిగొస్తుంది. హెడ్‌ఫోన్లలో ముందంతా గరగర. ఉన్నట్టుండి, హుష్... హుష్... హుష్. ఒక మనిషి ఆలోచనలకి అన్నం పెడుతున్న నెత్తురు చప్పుడది. ఎన్ని తలలు విన్నా నా చేతి మీద రోమాలు లేస్తూనే ఉన్నాయి. దీన్ని కణతలు రుద్దడం అంటుంది అమ్మ.

మీ ఊరి డాక్టరు మీ అందరికీ రాసిన కొత్త షుగర్ మాత్ర మెదడు రక్తనాళాలకి కూడా మేలు చేస్తుందేమోనని మా డాక్టర్ గెర్గోవా అనుమానం. అందుకే మాత్ర మొదలుపెట్టక ముందు ఒకసారి, తర్వాత మూడేసి నెలలకి ఒకసారి వింటాం. నీది బాగానే ఉంది. దిగులు పడకు.

ముద్దులతో,
రదా

*

బ్రెజోవిత్సా,
నవంబరు

రదా, నా చిట్టితల్లీ,

నీ ఉత్తరం వచ్చింది. ఫోనెందుకు ఎత్తవు అని మీ అమ్మ నా మీద చిరాకు పడుతోంది. ఈ ఊరి పోస్టాఫీసులో నా జన్మంతా ముద్రలు కొట్టాను. ఉత్తరాలు రావడం ఆగిపోతే దాన్ని మూసేస్తారు. అందుకని నువ్వు రాయాల్సిందే. నేనూ రాస్తాను.

మీ అమ్మ మాటలు పట్టించుకోకు. చిన్నప్పుడు నన్ను కూడా పొగరుబోతు అనేవాళ్ళు. పొగరు కాదు, నాకు జవాబు తెలిసుండేది, అంతే.

ఇక్కడ నీ పరీక్ష గురించే మాటలన్నీ. పక్కింటి పెనా తలలో ఏమీ వినపడలేదని చెప్పావుట కదా, ఎముక మందమని? చర్చి మెట్ల మీద చెప్పేసింది తనే. "పెనా, నీ తల మందమని మాకు ఎప్పటినుంచో తెలుసే, దానికి ప్లోవ్దివ్ దాకా పోవాలా?" అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత పులియబెట్టిన క్యాబేజీ పట్టుకుని తనే వచ్చింది.

మాత్ర వేసుకుంటున్నాను. ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. నీ నాయనమ్మ సంగతి నీకు లీలగా గుర్తుండాలి. ఆమెకీ షుగరే. పక్షవాతం వచ్చాక మాటలన్నీ తారుమారయ్యాయి. రొట్టె కావాలంటే తలుపు అనేది. తలుపు వెయ్యమంటే ఏడ్చేది. చివరికి నా పేరు కూడా పోయింది. నేను చర్చిలో పాడే మనిషిని. పాటలన్నీ పుస్తకం చూడకుండా పాడతాను. చచ్చిపోవడానికి నాకు భయం లేదు పిల్లా. మాటలు పోతాయేమోనని భయం. నా తలలో నీకు వినపడిన చప్పుడు కూడా మా అమ్మ దారినే పడుతోందా?

నీ అత్త,
వెలికా

*

ప్లోవ్దివ్,
ఫిబ్రవరి

అత్తా!

అక్టోబరులో నీకు అబద్ధం చెప్పాను. అప్పుడు నీది బాగాలేదు. ఇప్పుడు బాగుంది కాబట్టి చెబుతున్నాను.

ఊపిరి బిగబట్టమన్నాను గుర్తుందా? ఊపిరి బిగబడితే ఒంట్లో చెడ్డగాలి పెరుగుతుంది. ఆరోగ్యమైన మెదడు అది గ్రహించి తన నాళాల్ని వెడల్పు చేసుకుంటుంది, నెత్తురు ఉరవడి పెరుగుతుంది, హెడ్‌ఫోన్లలో ఆ హుష్ పెద్దదవుతుంది. ఏళ్ళ తరబడి షుగరుంటే ఆ గోడలు బిరుసెక్కి, ఎంత పిలిచినా పలకవు. నీకు ఊపిరి బలం ఎక్కువ. వచ్చినవాళ్ళందరిలోకీ నువ్వే ఎక్కువసేపు బిగబట్టావు. అయినా అక్టోబరులో నీ చప్పుడు కదల్లేదు. నీ చెయ్యి పట్టుకుని "చాలు, వదిలెయ్ అత్తా" అన్నానే, అప్పుడు నాకు నాయనమ్మే గుర్తొచ్చింది.

మొన్న జనవరిలో నువ్వు ఊపిరి బిగబట్టగానే ముందు ఏమీ లేదు. తర్వాత మెల్లగా, కొండల్లో మంచు కరిగే రోజుల్లో వాగు పెరిగినట్టు, పెరిగింది. పెరుగుతూనే ఉంది. తెర మీది గీతలు పైకి లేచాయి. మీ ఊరి వాళ్ళలో చాలామందికి కొద్దో గొప్పో పెరిగింది, నీకు అందరికన్నా ఎక్కువ. కొలతలు చూసే ఆయనకి మనుషుల పేర్లు తెలియవు. ఆయన కూడా నీ కాగితం దగ్గర ఆగి, "ఈవిడెవరు?" అని అడిగాడు.

అసలు సంగతి అది కూడా కాదు. పరీక్ష అయ్యాక నువ్వు ఊరికే పడుకుని ఉంటే, నాకేదో తోచి, "అత్తా, పెదవి కదపకుండా మనసులో ఏదైనా పాడు" అన్నాను. నువ్వు కళ్ళు మూసుకున్నావు. నీ ముఖంలో ఏమీ కదల్లేదు. ఎడమ కణతలో మాత్రం నెత్తురు కొంచెం, చాలా కొంచెం, ఉరవడి ఎత్తుకుంది. ఆపమంటే దిగింది. మళ్ళీ పాడమంటే ఎక్కింది. నీ పాట నాకు వినపడలేదు. కానీ ఆ పాటకి కావలసిన నెత్తురు నడిచి వెళ్తున్న చప్పుడు విన్నాను. లోకంలో ఇంకెవరికీ వినపడని పాట, నా చేతికింద. హెడ్‌ఫోన్లు తీసి బయటికి వెళ్ళి, మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి నువ్వు "ఏమైందే, ఏడుస్తున్నావా?" అన్నావు. జలుబన్నాను.

డాక్టర్ గెర్గోవా మాత్రం "తొందరపడకు. కొద్దిమంది, కొద్ది నెలలు. ఇది రుజువు కాదు" అంటోంది. ఆవిడ మాట సబబే. అయినా ఆ చప్పుడు విన్నది నేను.

మాత్ర మానకు.

రదా

*

బ్రెజోవిత్సా,
పెద్ద ఉపవాసం ముందరి ఆదివారం

రదా,

ఈ రోజు అందరూ అందరినీ క్షమాపణ అడిగే రోజు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చెయ్యి ముద్దు పెట్టుకోవాలి. నువ్వు దూరాన ఉన్నావు కాబట్టి ఉత్తరంలో పెట్టుకున్నావని అనుకుంటాను. నేను క్షమించాను. దేవుడూ క్షమిస్తాడు. నీ అబద్ధంతో సహా.

నీ ఉత్తరం పెనాకి చదివి వినిపించాను. రెండుసార్లు వినిపించాను. "నీ తలలో పాటేమిటి, నువ్వు బైట పాడితేనే భరించలేకపోతున్నాం" అంది. ఉడుక్కుంటోంది పాపం.

మాంసం పోయిన వారమే ఆపేశాం, రేపటినుంచి ఏడు వారాలు గుడ్డు, పాలు, పెరుగు కూడా లేవు. ఈస్టరు దాకా ఉత్తరాలు తక్కువ రాస్తాను. సాయంత్రాలు చర్చిలోనే సరిపోతాయి. మందుల సంగతి నేను చూసుకుంటాను, నువ్వు దిగులు పడకు.

అత్త

*

ప్లోవ్దివ్,
ఈస్టర్ తర్వాతి వారం

అత్తా,

మొన్న మీరంతా వచ్చినప్పుడు నా ముఖం బాగాలేదని నువ్వు ఫాదర్ మెతోదితో అన్నావుట. నిద్ర లేక కాదు. నీ చప్పుడు విని.

ఊపిరి బిగబట్టావు. వాగు పెరగలేదు. అక్టోబరులో ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. నువ్వొక్కదానివే కాదు, బ్రెజోవిత్సా నుంచి వచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తప్ప అందరిదీ పడిపోయింది. వేరే ఊళ్ళవాళ్ళలో కొందరిది మాత్రమే. నా చెయ్యి తప్పేమోనని డాక్టర్ గెర్గోవా స్వయంగా ప్రోబ్ పట్టుకుని నిన్ను మళ్ళీ చూసింది కదా, ఆవిడకీ అదే వచ్చింది. మీ షుగర్ చూస్తే పెద్దగా పెరగలేదు. మాత్ర వేసుకుంటున్నారా అని ఒక్కొక్కరినీ నేనే అడిగాను. అందరూ వేసుకుంటున్నాం అన్నారు.

అంటే మాత్ర మేలు కొన్ని నెలలే ఉండి తగ్గిపోతుందన్న మాట. డాక్టర్ తన పరిశోధన పత్రంలో అలాగే రాయబోతోంది. మీ ఊరి డాక్టరుకి కూడా కబురు పెట్టింది. ఆయన "నిలవని మేలుకి ఈ మాత్రెందుకు, పాతదే రాస్తాను" అన్నాడట. కొండ ఊళ్ళన్నిటికీ ఆయనే డాక్టరు.

నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఆ పాట విన్న చెవితోనే ఇదీ వినాల్సి వచ్చింది. అత్తా, ఈ మధ్య నీకు జ్వరం గానీ, దిగులు గానీ, ఏదైనా మారిందా? మాట ఎక్కడైనా తడబడుతోందా? దాచకు.

రదా

*

బ్రెజోవిత్సా,
మే

నా చిట్టితల్లీ,

జ్వరం లేదు, దిగులు లేదు, మాట తడబడలేదు. ఈస్టరు ముందు శుక్రవారం నాటి విలాప గీతం మొత్తం పుస్తకం లేకుండా పాడాను. ఫాదర్ మెతోది పుస్తకం పట్టుకునీ రెండుచోట్ల తప్పాడు. కుర్రాడు, నేర్చుకుంటాడు.

ఈసారి ఉపవాసం ఎంత బాగా జరిగిందో చెప్పనా? దురదగొండి ఆకు సూపు, చిక్కుడు గింజలు, వాల్‌నట్లు, అంతే. హల్వా ముట్టలేదు, షుగర్ కదా. పెనా ఒకరోజు కాఫీలో పాలు కలుపుకుంటుంటే పట్టుకున్నాను. "చుక్కే కదే" అంది. "చుక్కయినా పాలే" అన్నాను. ఆ మాటకొస్తే మందులోని చుక్కకి కూడా నేను ఒప్పుకోలేదు. నీ మాత్ర డబ్బాలో మడత పెట్టిన కాగితం ఉంటుంది చూశావా, ఎవరూ చదవరు, నేను భూతద్దం పెట్టి చదివాను. అందులో పాల చక్కెర ఉందని రాసి ఉంది! పెద్ద ఉపవాసంలో పాలు! మన అమ్మమ్మలెవరైనా ఒప్పుకునేవాళ్ళా? చర్చిలో మన ఆడవాళ్ళందరికీ చెప్పాను. అందరం ఆపేశాం. ఈస్టరు ఉదయం ఎర్రరంగు వేసిన పండుగ గుడ్డు తిని, మళ్ళీ మొదటి మాత్ర వేసుకున్నాం. ఫాదర్‌ని అడగలేదు. అడిగితే వేసుకోమంటాడు. ఆయన ఉపవాసంలో ఏ రోజైనా చేప తినొచ్చనే రకం.

నువ్వు అడిగినప్పుడు వేసుకుంటున్నామని చెప్పాం, నిజమే కదా. అప్పటికి మొదలుపెట్టేశాం.

కాబట్టి నాలో మారిందేమీ లేదు. నీ మిషను సరిగ్గా చూపించుకో.

అత్త

*

ప్లోవ్దివ్,
మే

అత్తా,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఎంత కోపం వచ్చిందంటే పెన్ను పట్టుకోలేకపోయాను. దేవుడికోసం నీ మెదడుకి అన్నం ఆపేశావు, భూతద్దంతో!

ఆ మాత్రలో ఉన్న పాల చక్కెర నీ గోటి మీద కూడా కనపడనంత. పోనీ అది కూడా వద్దంటావా? మందుల షాపులో అడిగాను. అదే మందు పాలచక్కెర లేకుండా ఇంకో కంపెనీది ఉందట. ఒక్క మాట అడిగి ఉంటే తెచ్చి ఇచ్చేదాన్ని.

కోపం సగంలో ఉండగానే అర్థమైంది. అప్పుడు మాత్రం నిజంగా కూర్చుండిపోయాను.

మాత్ర వేసుకుంటే మీ నాళాలు తెరుచుకున్నాయి. ఆపితే మూసుకున్నాయి. అది కూడా ఎప్పుడు? ఉపవాసపు తిండి మీ షుగర్‌ని అదుపులో పెట్టిన రోజుల్లో. షుగర్ పెద్దగా పెరగలేదు, అయినా తలలో వాగు తగ్గింది. ఆ మాత్ర షుగర్ పని కాక ఇంకేదో పని, మీ నాళాల గోడల దగ్గర, చడీచప్పుడు లేకుండా చేస్తోందేమో! ఏ డాక్టరూ తన రోగులచేత కావాలని మందు ఆపించి ఇది చూడలేడు, అది పాపం. మీరు చర్చిలో కూర్చుని, ఎవరికీ చెప్పకుండా, అందరూ ఒకే రోజు ఆపి ఒకే రోజు మొదలుపెట్టారు. తెలియక చేశారు. ఇది రుజువు కాకపోవచ్చు. డాక్టర్ గెర్గోవా కాదనే అంటుంది. కానీ ఎంత పెద్ద తలుపు సందు తెరుచుకుందో నాకు కనిపిస్తోంది. నీ తలలో నెత్తురు నీ నమ్మకాన్ని, నీ మాత్రని, నీ పాటని అన్నిటినీ పట్టించుకుంటూ నడుస్తోంది. ఇంత చిన్న ఎముక వెనకాల ఇంత ఉందా అని నాకు ఒళ్ళు ఝల్లుమంటోంది.

ఇది డాక్టరుకి చెప్పాలి. లేకపోతే "మేలు నిలవదు" అని అచ్చవుతుంది, కొండ ఊళ్ళలో ఎంతమంది నాయనమ్మలకి ఆ మాత్ర ఆగిపోతుందో.

రదా

*

బ్రెజోవిత్సా,
మే

రదోస్తినా,

చెప్పకు.

నాకోసం ఏదైనా చెయ్యమని నేనెప్పుడూ నిన్ను అడగలేదు. మీ నాన్న పోయాక నిన్ను నా దగ్గర పెట్టుకున్నప్పుడు కూడా మీ అమ్మని ఒక్కటీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

నువ్వు చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. మా వల్ల పరీక్ష పాడైందని మా ఊరిని తీసేస్తారు. వ్యాను ఇక ప్లోవ్దివ్ రాదు. ఈ ఆడవాళ్ళ తలల్లో ఏముందో వినడానికి ఇన్నేళ్ళలో ఎవరైనా వచ్చారా? వాళ్ళలో ఇలింకా అయితే పరీక్ష రోజుకోసం తలకి రంగు వేయించుకుంది. నామీద నమ్మకంతో ఆపారు వాళ్ళు. ఇప్పుడు వాళ్ళ మెదళ్ళకి చెడు చేసింది వెలికా అని తెలిస్తే నేను చర్చిలో ఎదురుగా నిలబడి ఎలా పాడను? పెనా ముఖం ఊహించుకో. ఈ నాలుగు రోజులుగా నేను పాడుతుంటే మధ్యలో ఒక్కో మాట వెతుక్కుంటున్నాను. భయం వల్లో, మరేదో.

నీకు మాత్రం ఏం మిగులుతుంది? అందరినీ అడిగింది నువ్వే. ఉపవాసంలో కూడా వేసుకున్నారా అని అడగాల్సింది నువ్వే. ఈ దేశంలో పుట్టి, మా ఇంట్లో పెరిగి, అడగలేదు. మీ డాక్టరు అది చూస్తుంది. జూన్‌లో కాంట్రాక్టు పోతే మీ అమ్మ అన్నమాటే నిజమవుతుంది.

కొత్త మాత్ర తెచ్చి ఇవ్వు, వేసుకుంటాం. వచ్చే ఉపవాసంలోనూ వేసుకుంటాం, ప్రమాణం చేస్తాను. మళ్ళీ విని, బాగుందని రాసుకోండి. మధ్యలో జరిగింది ఎవరికెందుకు?

అత్త

*

ప్లోవ్దివ్,
మే

అత్తా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. అడగాల్సింది నేనే అన్నావు. అవును. మీ ఇంట్లో పెరిగి, పెద్ద ఉపవాసం అంటే ఏమిటో తెలిసి, వేసుకుంటున్నారా అని ఆ రోజు సంగతి మాత్రమే అడిగాను. బయటి ఊరి అమ్మాయి ఎవరైనా అడిగేదేమో. నాకు తెలుసు అనుకోవడం వల్ల అడగలేదు.

మాటలు వెతుక్కుంటున్నానని రాశావు. నిన్న ఆ ముక్క చదివాక పని దగ్గర ఒక ముసలాయన కణత వింటున్నాను. ఎవరో నీకు తెలియని మనిషి, పోమొరియె నుంచి వచ్చాడు, ఉప్పు మళ్ళలో పనిచేసేవాడట. ఊపిరి బిగబట్టమన్నాను. వాగు పెరగలేదు. ఆయన కళ్ళు తెరిచి "ఎలా ఉందమ్మా?" అన్నాడు. నేను అక్టోబరులో నీతో అన్నట్టు "బాగానే ఉంది" అనబోయాను. అనలేదు. "అంత బాగా లేదు తాతయ్యా. ఏం చేయొచ్చో డాక్టరు చెబుతుంది" అన్నాను. ఆయన తల ఊపి, "నిజం చెప్పావు, మంచిది. ఇంట్లో వాళ్ళు చెప్పరు" అన్నాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నేను ఇంకొంచెంసేపు విన్నాను. ఎంత బిరుసెక్కినా ఆ నెత్తురు వెళ్తూనే ఉంది అత్తా, ఒక్కసారి కూడా ఆగకుండా, ఆయన పుట్టకముందునుంచీ. దాని ముందు నేను చాలా చిన్నదాన్ని అనిపించింది. అది బాగుంది.

ఫాదర్ మెతోదికి ఫోన్ చేశాను. నీ పేరు చెప్పలేదు. మందులో పాల చుక్క ఉంటే ఉపవాసం పోతుందా అని మాత్రం అడిగాను. "పోదు. ఆపితేనే పాపం" అన్నాడు. చేపల సంగతి నేనెత్తలేదు.

పాలచక్కెర లేని మాత్ర ఇక్కడ ఇంకో డాక్టరు చేత రాయించాను. శుక్రవారం బస్సులో డ్రైవరు చేతికిచ్చి పంపుతాను, తీసుకో. ఇలింకాకి, పెనాకి, అందరికీ పంచు.

సోమవారం ఉదయం డాక్టర్ గెర్గోవాకి చెబుతాను. మీరు ఆపిన రోజు, మొదలుపెట్టిన రోజు, ఎందుకు ఆపారో, మొదట ఆపిందెవరో, అడగనిదెవరో, అన్నీ.

రదోస్తినా